బన్నుల మాస్టరు కూనిరాగం

చెక్క గరిటెను పళ్ళ మధ్య అడ్డంగా కరిచి పట్టుకుని మాస్టరు పిండి పిసుకుతున్నాడు. అరచేతులతో ముద్దను ముందుకు తోయడం, అంచు పట్టి వెనక్కి మడవడం, కొంచెం పక్కకి తిప్పడం, మళ్ళీ తోయడం. బరువైన బల్ల కదలడం లేదు గానీ, దాని మీదున్న ట్రేల దొంతర ప్రతి తోపుకీ సన్నగా వణుకుతోంది. వెనక కిటికీ అవతల ఇంకా మసకగానే ఉంది. ఓవెన్ వేడెక్కుతోంది.

గరిటె పిండి కలపడానికి కాదు, నోరు మూసుకుని ఉండడానికి. ఊరికే పెదాలు బిగిస్తే చాలదని ఈ వారంలో తెలిసొచ్చింది. నోరు మూస్తే పాట ముక్కులోంచి వచ్చేస్తోంది. గరిటె కరిస్తే పళ్ళకి పని ఉంటుంది, మనసు అక్కడే ఉంటుంది, పాట దారి మర్చిపోతుంది. దవడలు నొప్పెడుతున్నాయి. గరిటె మీద గాట్లు పడ్డాయి. అయినా మాస్టరు పట్టు వదల్లేదు.

మొండితనంలో అతనికి సాటి ఆ వీధిలో ఒక్కరే ఉన్నారు. పైవాటాలో ఉండే పిన్నిగారు. ఆవిడ ఇవాళ సాయంత్రం ఇల్లు ఖాళీ చేసి తమ్ముడి దగ్గరికి వెళ్ళిపోతున్నారు. వెళ్ళేలోగా మాస్టరు పాట ఒక్కసారి వినాలని ఆవిడ పంతం. వినిపించకూడదని ఇతని పంతం. మధ్యలో నలిగిపోతున్నది మాస్టరు భార్య.

మాస్టరు పొట్టి మనిషి. భుజాలు మాత్రం పొడుగు మనిషికి కొలిచి కుట్టినంత వెడల్పు. ముంజేతుల నిండా ఓవెన్ అంచు తగిలి కాలిన మచ్చలు, పాతవి తెల్లగా, కొత్తవి ఎర్రగా. కనుబొమ్మల మీద ఎప్పుడూ మైదా. "మా ఆయనకి ముసలితనం పొద్దున్నే వచ్చి సాయంత్రం స్నానంతో పోతుంది" అని భార్య కౌంటరు దగ్గర అందరికీ చెబుతూ ఉంటుంది. ఆరేళ్ళప్పుడు వచ్చిన జ్వరం, పోతూ పోతూ అతని వినికిడిని వెంట పట్టుకుపోయింది. మాట మిగిలింది గానీ, తన మాట తనకే వినబడనప్పుడు అది ఎన్నాళ్ళు తిన్నగా నిలబడుతుంది? అక్షరాలు ఒకదాని మీద ఒకటి పడి, సగం మింగేసినట్టు బయటికొస్తాయి. అవి భార్యకీ, వేరే ఊళ్ళో ఉద్యోగం చేసుకుంటున్న కూతురికీ తప్ప ఎవరికీ అర్థం కావు. అందుకని మాస్టరు పెద్దగా మాట్లాడడు. చేతులతో చెబుతాడు, కనుబొమ్మలతో తిడతాడు.

వాచీ పంపింది ఆ కూతురే. చుట్టుపక్కల ఏ శబ్దమైనా అయితే అది మణికట్టు మీద జుమ్మంటుంది. బిళ్ళంత అద్దం మీద ఆ శబ్దం పేరు అక్షరాల్లో పడుతుంది. తలుపు కొట్టారు. నీళ్ళు. కుక్క. గంట. మొదటిరోజు మాస్టరు చిన్నపిల్లాడైపోయాడు. కుళాయి తిప్పి వాచీ చూశాడు, కట్టేసి వాచీ చూశాడు. కావాలని ట్రే కింద పడేశాడు. తుమ్ము రాకపోయినా తెచ్చుకుని తుమ్మాడు. భార్య వెనక నిలబడి "ఏమండీ" అంటే "మనిషి గొంతు" అని పడింది. పెళ్ళయిన ఇన్నేళ్ళకి పెళ్ళాం పిలిస్తే వెనక్కి తిరిగాడు. ఆ ముచ్చట కోసం ఆవిడ ఆ రోజంతా ఏ పనీ లేకపోయినా పిలుస్తూనే ఉంది.

మర్నాడు మొదలైంది అసలు తంటా. ఓవెన్ తలుపు తెరిచేసరికి "పసిపాప ఏడుస్తోంది" అని పడింది. మాస్టరు ట్రే అక్కడే పెట్టేసి వీధిలోకి పరిగెత్తాడు. పాప లేదు, పాపని ఎత్తుకున్న తల్లీ లేదు. వచ్చి తలుపు మూశాడు, తెరిచాడు. పాప మళ్ళీ ఏడ్చింది. భార్యని లాక్కొచ్చి చూపిస్తే, "తలుపు బందులు కిర్రుమంటాయండీ. ఎప్పట్నుంచో అంతే" అంది తాపీగా. ఇన్నాళ్ళూ చిరిగిన చొక్కాతో ఊరంతా తిరిగానని ఇప్పుడు తెలిసినంత సిగ్గు వేసింది మాస్టరుకి. అప్పటికప్పుడు బందులకి నూనె పోశాడు.

ఆ తర్వాతి పొద్దున బన్నులు తీస్తే కొనడానికి ఒక్కరూ రాలేదు. బన్నులు చల్లారిపోయాయి. ఎప్పుడో పొద్దెక్కాక ఎదురింటి దర్జీ వచ్చి, "ఇవాళ సెలవా? తలుపు అరుపు వినబడలేదే" అన్నాడు. ఆ కిర్రుమనే చప్పుడే వీధికి పిలుపని అప్పుడు తెలిసింది. పోసిన నూనె వెనక్కి తీయలేరు కదా. బందులకి బూడిద రాశాడు, పిండి రాశాడు, లాభం లేకపోయింది. అప్పట్నుంచీ భార్యే గుమ్మంలో నిలబడి "బన్నులయ్యాయ్" అని కేక వేయాల్సి వస్తోంది. ఆవిడకి గొంతు పోయింది.

అదే వారంలో ఒక పొద్దున పిండి పిసుకుతుంటే వాచీ జుమ్మంది. "పాట" అని పడింది. గదిలో ఎవరూ లేరు. రేడియో లేదు. కిటికీలోంచి తల బయటికి పెట్టి చూశాడు, సందులో పిల్లి తప్ప ఎవరూ లేరు. పిసకడం ఆపితే ఆ మాట పోతోంది, మొదలుపెడితే మళ్ళీ పడుతోంది. బల్ల కిందకి వంగి చూశాడు. పిండిముద్దని కూడా అనుమానించాడు. చివరికి భార్యని పిలిచి అద్దం చూపించాడు. ఆవిడ చూసి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, మైదా బస్తా మీద కూలబడి కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వింది.

"మీరేనండీ. పెళ్ళయిన మర్నాటి నుంచీ పాడుతూనే ఉన్నారు."

"చెప్పలేదేం?" అని చేతులతో అడిగాడు.

"చెబితే ఆపేస్తారని."

మాస్టరు అక్కడికక్కడే ఆపేశాడు.

అది ఏ పాటో భార్యకి తెలియదు. ఇంకెక్కడా విన్నది కాదు. కూతురు చిన్నప్పుడు ఆ రాగానికే నిద్రపోయేదట. మాస్టరు అక్కయ్యకి వీడియోలో ఫోను చేసి, భార్య ఆ రాగం తీసి వినిపించింది. తెర మీద అక్కయ్య మొహం మొదట ఆశ్చర్యంగా, తర్వాత వంకరగా, తర్వాత పగలబడి నవ్వుతూ కనిపించింది. ఆవిడ మాటలు ఫోను కింద అక్షరాలై పడుతుంటే మాస్టరు చదువుకున్నాడు. "ఓరి నీ దుంపతెగ. అది పాటేమిట్రా? మన చిన్నప్పుడు కత్తులు సాన పెట్టేవాడు వచ్చేవాడు చూడు, వాడి కేకరా అది. కత్తులూ కత్తెరలూ అని సాగదీసేవాడు. వాడి వెనకాలే నువ్వు వీధి చివరిదాకా పోతే అమ్మ నిన్ను వెతకడానికి నన్ను పంపేది."

అక్కయ్య నవ్వింది, భార్య నవ్వింది. మాస్టరు నవ్వలేదు. పాడితే పాడాడు, కనీసం పాటైనా పాడలేదు. జీవితమంతా వీధివాళ్ళకి కత్తులు సాన పెడతానని చెప్పుకుంటూ కూర్చున్నాడు. ఆ మధ్యాహ్నమే వెతికి చెక్క గరిటె తీశాడు.

ఇక పైవాటా సంగతి. పిన్నిగారు ఒకప్పుడు టెలిఫోన్ ఆఫీసులో ఆపరేటరు. ఊరు ఊరంతటినీ చెవితో చూసిన మనిషి. ఉద్యోగం అయిపోయాక కళ్ళు మెల్లమెల్లగా మసకబారి పూర్తిగా పోయాయి. ఆవిడకి మాస్టరు సైగలు కనబడవు. మాస్టరుకి ఆవిడ మాట వినబడదు. పెదాలు చూసి మాట పట్టడం అతనికి వచ్చుగానీ, పళ్ళన్నీ ఊడిన నోటిని చదవడం ఎవరి తరం? అందుకని ఇన్నేళ్ళూ కింది కబురు పైకీ, పై కబురు కిందికీ మోసింది మాస్టరు భార్యే. ఆవిడ చాలా మర్యాదగా మోసింది. పిన్నిగారు ఎప్పుడూ బన్ను బాగుందనే అనేవారు. మాస్టరు ఎప్పుడూ పిన్నిగారి ఆరోగ్యమే అడిగేవాడు.

కిందటి నెలలో కూతురు వచ్చి ఇద్దరి ఫోన్లలోనూ ఏదో పెట్టి వెళ్ళింది. పిన్నిగారు మాట్లాడితే మాస్టరు ఫోనులో అక్షరాలవుతాయి. మాస్టరు అక్షరాలు కొడితే పిన్నిగారి ఫోను పైకి చదువుతుంది. ఇద్దరూ మొట్టమొదటిసారి నేరుగా మాట్లాడుకున్న రోజున పిన్నిగారు అన్న మొదటి మాట ఇది. "నాయనా, ఆ బన్ను రాయిలా ఉంటోందని ఎన్నిసార్లు కబురు పెట్టాను, నీకు పట్టదా?" మాస్టరు రెండుసార్లు చదివి, భార్య వంక చూసి, పిండి వేళ్ళతోనే జవాబు కొట్టాడు. "పళ్ళు లేనివాళ్ళు పాలలో నానబెట్టుకోమని నేనూ ఎన్నోసార్లు చెప్పి పంపాను." పైన ఒక పెద్ద నవ్వు వినబడిందని భార్య చెప్పింది. వాచీ అయితే ఆ రోజుకి ఇంకా రాలేదు.

"ఇంతకాలం మీ ఇద్దరి మధ్యా యుద్ధం రాకుండా కాపాడింది నేను" అని భార్య ఇప్పటికీ దెప్పుతుంది. "ఒక్కరైనా మెచ్చుకున్నారా?"

పిన్నిగారు మెట్లు దిగలేరు. పొద్దున్నే దుకాణం వెనక కిటికీ పక్కగా తాడు కట్టిన వెదురుబుట్ట ఒకటి పైనుంచి దిగుతుంది. అందులో వేడి బన్ను పెట్టాలి. తిన్నాక బన్ను చుట్టిన కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి అదే బుట్టలో కిందికి పంపిస్తారు, అందిందనీ తిన్నాననీ గుర్తుగా. ఇదివరకు ఆ బుట్ట భార్య కంటబడేదాకా వేలాడుతూ ఉండేది. వాచీ వచ్చాక పిన్నిగారు బుట్టకో చిన్న గంట కట్టారు. అది మోగితే మాస్టరు చేతి మీద "గంట" అని పడుతుంది. అతను పక్కకి తిరిగి, కిటికీలోంచి చెయ్యి చాపి బన్ను పెడతాడు. నడుమ మనిషి అక్కరలేకుండా తనే అందించడం మాస్టరుకి ఎంత గొప్పగా ఉందంటే, బన్నుల్లో నున్నగా పొంగినదాన్ని వెతికి మరీ పెడుతున్నాడు.

ఇవాళ కూడా గంట మోగింది. బన్ను పెట్టాడు. బుట్ట పైకి పోయింది. కాసేపటికి ఫోను వెలిగింది.

"గరిటె ఇంకా నోట్లోనే ఉందా?"

మాస్టరు కౌంటరు వైపు గుర్రుగా చూశాడు. భార్య చిల్లర లెక్కపెడుతున్నట్టు నటిస్తూ తల ఎత్తలేదు.

"ఉంది. సాయంత్రం దాకా ఉంటుంది" అని కొట్టాడు.

"నీ తిట్లన్నీ ఈ ఫోనులో ఉన్న పిల్ల ఎంత మర్యాదగా చదువుతుందో నీకు తెలియదు. ఒకసారి పైకి రా. వెళ్ళేముందు మాట్లాడాలి."

మాస్టరు పొద్దుటి రద్దీ అయిపోయేదాకా ఆగాడు. ట్రేలు తుడిచాడు, ఓవెన్ ఊడ్చాడు, చేసేందుకు ఇంకేమైనా పని దొరుకుతుందేమోనని అటూ ఇటూ చూశాడు. దొరకలేదు. చేతులు కడుక్కుని మెట్లెక్కాడు.

పైగది అప్పుడే సగం ఖాళీ అయింది. తమ్ముడు ముందురోజు వచ్చి సామాను సర్ది పంపేశాడట. మంచం, కుర్చీ, ఒక పెట్టె, కిటికీ దగ్గర ఇనుప కొక్కేనికి కట్టిన తాడు. పిన్నిగారు కుర్చీలో నిటారుగా కూర్చున్నారు. తల మీద ఇప్పటికీ ఆపరేటర్ల ఇయర్‌ఫోను ఉన్నట్టు మెడ కొంచెం పక్కకి వంచి ఉంటుంది. అడుగుల చప్పుడుకే, "కూర్చో మాస్టరూ, మంచం గట్టిదే" అన్నారు. ఫోను తెర మీద అక్షరాలు పడ్డాయి. మాస్టరు కూర్చున్నాడు.

"నాకు పగలూ రాత్రీ ఒకటే రంగు" అన్నారు ఆవిడ. "నిద్ర పట్టదు. పడుకునే ఉంటాను. ఎంత పొద్దుపోయిందో, ఎంత మిగిలిందో తెలియదు. గడియారం నొక్కితే చెబుతుంది, కానీ అది అడిగితేనే చెబుతుంది. నువ్వు అడక్కుండా చెప్పేవాడివి. కింద నుంచి నీ రాగం మొదలైందంటే తెల్లవారబోతోందన్నమాట. అమ్మయ్య, ఇంకో రాత్రి దాటాను అనుకునేదాన్ని. ఈ వారమంతా నాకు తెల్లారలేదు నాయనా."

మాస్టరు చదివాడు. పైకి జరిగిపోయిన మొదటి వాక్యాన్ని వేలితో కిందికి లాగి మళ్ళీ చదివాడు. అయినా మొండితనం ఒకటుంది కదా.

"అది పాట కాదు. కత్తులు సాన పెట్టేవాడి కేక" అని కొట్టాడు.

"తెలుసు. మీ ఆవిడ చెప్పింది. అయితే ఏం? నేను ఆఫీసులో ఎన్ని గొంతులు విన్నానో. పెద్ద పెద్ద గాయకుల గొంతులు కూడా విన్నా. ఒక్కటీ గుర్తులేదు. ఇది గుర్తుంది. ఒక్కసారి పాడు. ఈ ఫోనులో పట్టుకుపోతా. అక్కడ తమ్ముడి ఇంట్లో నాకు తెల్లారిందని ఎవరు చెబుతారు?"

మాస్టరు ఇక కాదనలేకపోయాడు. లేచి నిలబడ్డాడు. చొక్కా సర్దుకున్నాడు. తలుపు వైపు చూసి భార్య రావడం లేదని నిశ్చయం చేసుకున్నాడు. నోరు తెరిచాడు. అప్పుడు తెలిసింది, పాడడమెలాగో తనకి తెలియదని. జీవితంలో ఒక్కసారి కూడా పాడదామనుకుని పాడలేదు. గొంతులో ఎక్కడ మొదలుపెట్టాలి? ఊపిరి ఎక్కడ ఆపాలి? ఏదైతే అదయిందని ఒక్క ఊపున వదిలాడు.

వాచీ జుమ్మంది. "కుక్క మొరుగుతోంది."

మాస్టరు అద్దాన్ని కళ్ళప్పగించి చూశాడు. మళ్ళీ ప్రయత్నించాడు. "మోటారు." మూడోసారి మొహం ఎర్రబడేదాకా బలం పెట్టాడు. "అత్యవసర సైరన్" అని పడి, ఎవరికైనా ఫోను చేయాలా అని కూడా అడిగింది. పిన్నిగారు కుర్చీ చేతులు పట్టుకుని కడుపు చెక్కలయ్యేలా నవ్వుతున్నారు. మాస్టరు కూడా పగలబడి నవ్వాడు. వాచీ ఆ నవ్వులని మాత్రం తప్పు పట్టకుండా "నవ్వు" అనే చూపించింది.

కానీ మెట్లు దిగుతుంటే అతని మొహంలో నవ్వు నిలవలేదు. ఇదివరకు సిగ్గుపడి పాడలేదు. ఇప్పుడు పాడతానన్నా రావడం లేదు. ఆవిడ తన నుంచి అడిగింది ఒక్కటే, అది తన దగ్గర ఉండీ ఇవ్వలేకపోతున్నాడు. ఇంత పనితనం ఉన్న చేతులు ఎందుకు, అనుకున్నాడు.

సరే, చేతులకి తెలిసిన పనే చేద్దామనుకున్నాడు. మామూలుగా మధ్యాహ్నం పిండి కలపడు. ఇవాళ కలిపాడు. దారిలో తినడానికి, అక్కడికి వెళ్ళాక రెండు రోజులైనా ఉండేటట్టు పాలూ వెన్నా దండిగా పోసిన మెత్తని బన్నులు. పళ్ళు లేని నోటికి రాయి కానివి. పాల పిండి చేతులకి జిగురుగా అంటుకుంటుంది, వాచీ పట్టీ సందుల్లోకి దూరుతుంది. అందుకని వాచీ విప్పి అర మీద పెట్టాడు. గరిటె ఎక్కడుందో వెతకలేదు, గుర్తే రాలేదు.

తోశాడు, మడిచాడు, తిప్పాడు. పిండి మొదట మాట వినలేదు. వేళ్ళ మధ్య సాగి, బల్లకి అతుక్కుని, ఎటు తోస్తే అటు కాకుండా ఇంకెటో పోయింది. మాస్టరు వదల్లేదు. కొంతసేపటికి అది చేతికి లొంగడం మొదలుపెట్టింది. అతని మనసు ఎటో పోయింది. అమ్మ ఇంటి ముందున్న రాళ్ళ వీధి కనబడింది. ఒకే చక్రమున్న బండి. కాలితో తొక్కుతుంటే గిర్రున తిరిగే సానరాయి. కత్తి అంచు నుంచి చిన్న చిన్న నిప్పురవ్వలు లేచి, వాటిని పట్టుకోబోతే ఆరిపోవడం. ఆ మనిషి తల పైకెత్తి, మెడ నరాలు ఉబ్బేలా మేడల వైపు కేక వేయడం. కిటికీలు తెరుచుకుని ఆడవాళ్ళు కత్తులు పట్టుకుని దిగి రావడం. ఆ కేక ఎలా ఉండేదో మాస్టరుకి ఇప్పుడు తెలియదు. కానీ అది విన్నప్పుడు కలిగిన సంతోషం మాత్రం బాగా తెలుసు.

గొంతు కింద ఛాతీలో ఏదో వెచ్చగా, సన్నగా వణికింది. ఎప్పుడూ ఉండేదే. ఇన్నేళ్ళూ అది పని తాలూకు వేడి అనుకునేవాడు.

తల తిప్పితే కిటికీ పక్కన బుట్ట దిగి ఉంది. ఎప్పుడు దిగిందో తెలియదు. దానికి గంట లేదు. బన్నులింకా ఓవెన్‌లోకే పోలేదు, ఈవిడకి తొందరేమిటి అనుకుంటూ పిసుకుతూనే ఉన్నాడు. గుమ్మంలో భార్య నిలబడి ఉంది, చేతిలో ఖాళీ ట్రే, కదలడం లేదు. ఏమిటన్నట్టు కనుబొమ్మ ఎగరేశాడు. ఆవిడ ఏమీ లేదన్నట్టు తల అడ్డంగా ఊపి, కళ్ళు తుడుచుకుని, ఇంకా అక్కడే నిలబడింది. బుట్ట మెల్లగా, గోడకి తగలకుండా పైకి పోయింది. ఇతను పిండి ముక్కలు తుంచి గుండ్రంగా చేసి ట్రేలో పేర్చాడు.

బన్నులు తీయడానికి ఓవెన్ తలుపు తెరిచినప్పుడు, అర మీదున్న వాచీ వెలగడం కంటబడింది. వంగి చూశాడు. "పసిపాప ఏడుస్తోంది." పోసిన నూనె వేడికి ఇన్నాళ్ళకి ఆవిరైపోయినట్టుంది. మాస్టరు తలుపు ఇంకో రెండుసార్లు మూసి తెరిచి, పాపని కావాలని ఏడిపించాడు.

దాంతో వీధి వీధంతా దుకాణం ముందు చేరింది. దర్జీ మెడలో టేపుతో, సూదీ దారం చేత పట్టుకుని వచ్చాడు. ఎదురు మేడ పిల్లలు, మందుల షాపు ఆవిడ వచ్చారు. "ఈ వేళప్పుడు బన్నులేమిటి?" అని ఒకరినొకరు అడుగుతుంటే మెట్ల మీద నుంచి తమ్ముడి చెయ్యి పట్టుకుని పిన్నిగారు దిగుతూ కనిపించారు. కారు తలుపు తెరిచి ఉంది. కబురు పెట్టి పిలిస్తే ఎంతమంది వచ్చేవాళ్ళో గానీ, తలుపు కిర్రుమంటే అందరూ వచ్చారు. అందరూ ఆవిడ చెయ్యి ముట్టుకున్నారు. ఆవిడ ఒక్కొక్కరినీ మాటని బట్టి పోల్చి పలకరించారు.

మాస్టరు బన్నుల పొట్లం ఆవిడ చేతిలో పెట్టాడు. వేడికి ఆవిడ చేతులు మార్చుకున్నారు. తర్వాత తన ఫోను తీసి ఏదో నొక్కి, గాలిలో చెయ్యి వెతుక్కుంటూ మాస్టరు అరచేతిలో పెట్టి మూశారు. ఫోను సన్నగా వణుకుతోంది. ఆ వణుకు అతనికి తెలుసు. ఛాతీలో రోజూ ఉండేదే. రెండో చేతి మణికట్టు మీద మళ్ళీ కట్టుకున్న వాచీ జుమ్మంది. చూశాడు. "పాట."

అప్పుడు అర్థమైంది గంట లేని బుట్టలో ఏముందో.

మాస్టరు భార్య వైపు తిరిగాడు. ఆవిడ ఈసారి లెక్కపెడుతున్నట్టు నటించలేదు. "గంట విప్పమని చెప్పింది నేనేనండీ" అంది, అతనికి కనబడేలా ఒక్కో మాటా విడదీసి. మాస్టరు కోప్పడదామని కనుబొమ్మలు ముడిచాడు. అవి నిలవలేదు. అంతమంది ముందు ఏడుపొచ్చింది, నవ్వూ వచ్చింది, దేన్నీ ఆపుకోలేదు.

పిన్నిగారు చెబుతుంటే మాస్టరు ఫోనులో అక్షరాలు పడ్డాయి. "కత్తులు బాగా సాన పెట్టావయ్యా. ఇంక నాకు అక్కడా తెల్లారుతుంది."

"బుట్ట తీసుకెళ్ళరా?" అని కొట్టాడు మాస్టరు.

"నేను పోయేది కింది వాటాకి. దించడానికేముంటుంది? ఉంచు."

కారు మలుపు తిరిగేదాకా అందరూ నిలబడ్డారు. తర్వాత, వచ్చినందుకు, బన్నులు కొనుక్కుని ఎవరి ఇళ్ళకి వాళ్ళు పోయారు.

సాయంత్రం దుకాణం ఊడ్చి, మర్నాటికి పులియబెట్టాల్సిన పిండి కొంచెం కలుపుదామని మాస్టరు బల్ల దగ్గర నిలబడ్డాడు. చెక్క గరిటె కనిపిస్తే కడిగి గరిటెల్లోనే పడేశాడు. తోశాడు, మడిచాడు, తిప్పాడు. చేతి మీద జుమ్మంది. "పాట." మాస్టరు చదివాడు. చేతులు ఒక్క క్షణం తడబడ్డాయి. కౌంటరు దగ్గర భార్య తుడుపుగుడ్డ పట్టుకుని ఊపిరి బిగబట్టింది. ఆ మాట అద్దం మీద నుంచి పోలేదు. పిండి ముందుకు కదిలింది.

కాసేపటికి వాచీ మళ్ళీ జుమ్మంది. "గంట." మాస్టరు అలవాటుగా చెయ్యి తుడుచుకుని కిటికీ వైపు తిరిగాడు. పైన కిటికీ మూసి ఉంది. దిగి ఉన్న బుట్ట గాలికి కొద్దికొద్దిగా ఊగుతోంది. విప్పిన గంట మళ్ళీ దాని చోట కట్టి ఉంది, బుట్టలో అడుగున పొద్దుటి బన్ను చుట్టిన కాగితం నాలుగు మడతలు పెట్టి ఉంది.